వంద మెగాపిక్సెళ్ల మోజు

పెళ్లిళ్లు తీసే మిత్రులు మీడియం ఫార్మాట్‌కు మారమంటావా అనడిగితే వద్దనే అంటాను. ఫ్యూజీ జీఎఫ్ఎక్స్ 100ఎస్ 2 సెన్సర్ వైశాల్యం ఫుల్‌ ఫ్రేమ్ కంటే సుమారు 1.7 రెట్లు, నిజమే. దాని 102 మెగాపిక్సెళ్ల బొమ్మ అంగుళానికి 300 చుక్కల చొప్పున 38 అంగుళాల వెడల్పున అచ్చవుతుంది. మన 12×36 ఆల్బమ్‌లో ఒకే ఫొటో షీటంతా పరిచేది ఎన్నిసార్లు? పైగా ఫ్లాష్ సింక్ సెకనులో 125వ వంతు దగ్గరే ఆగుతుంది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట పెళ్లికది చాలదు. కుదించని రా ఫైలు ఒక్కోటి 200 ఎంబీ దరిదాపుల్లో ఉంటుంది, హార్డ్‌డిస్కులు, కొత్త కంప్యూటరు ఖర్చు వేరే (ఇంట్లోవాళ్లకు చెప్పని లెక్క ఇదే). చేర్యాల పటాలో, కలంకారీ వస్త్రాలో కదలకుండా ముందుంటే, పోగుపోగూ కనబడాలంటే మాత్రం కొనండి. అప్పుడు కూడా మంచి లెన్సుకు డబ్బు మిగిలితేనే.