ఎంఎస్ ‘తెల్లవాళ్ల జబ్బే’నా? ఇక్కడ పుట్టిన మన పిల్లల సంగతేంటి?

‘అది తెల్లవాళ్ల జబ్బు, మనకు రాదులే.’ మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎంఎస్ గురించి బ్రిటన్‌లోని మనవాళ్లలో చాలామంది అభిప్రాయం ఇదే. పెద్దయ్యాక ఇండియా నుంచి వచ్చినవారి విషయంలో ఇందులో కొంత నిజముంది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లల విషయంలో మాత్రం ఆ ధీమా పనికిరాదు.

మెదడు, వెన్నుపాములోని నరాలకు రక్షణగా ఉండే మైలిన్ పొరపై శరీర రోగనిరోధక వ్యవస్థే దాడి చేయడం ఎంఎస్. ప్రపంచంలో సుమారు 29 లక్షల మందికి ఈ జబ్బుంది. ఎక్కువమందికి 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. మగవారికంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ కేసులు పెరుగుతాయి. మంగళూరులో జరిగిన సర్వేలో లక్షకు 8 మంది తేలితే, బ్రిటన్‌లో ఆ లెక్క 200 దాకా ఉంటుంది.

మరి వలస వచ్చినవారి మాటేమిటి? భారత ఉపఖండం నుంచి వచ్చినవారికి బ్రిటన్‌లో పుట్టిన పిల్లలపై 1990లో ఒక అధ్యయనం వెలువడింది. వాళ్లకు ముప్పు ఇక్కడి సాధారణ జనాభాతో దాదాపు సమానమని అది తేల్చింది. 2017లో వచ్చిన తూర్పు లండన్ లెక్కల్లో తెల్లవారిలో లక్షకు 180 మంది, దక్షిణాసియా వాళ్లలో 29 మంది ఉన్నారు. తక్కువే, కానీ మన దేశంలోకంటే ఎక్కువ. అంటే జన్యువులొక్కటే కారణం కాదు, బాల్యం గడిచిన చోటు కూడా ముఖ్యమే.

2022లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు కోటి మందికి పైగా అమెరికా సైనిక సిబ్బంది రికార్డులు పరిశీలించారు. ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకాక ఎంఎస్ ముప్పు 32 రెట్లు పెరిగినట్టు తేలింది. అయితే ఈ వైరస్ దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. వారిలో ఎంఎస్ వచ్చేది కొద్దిమందికే. టీనేజీలో గ్లాండ్యులర్ ఫీవర్‌గా వస్తే ముప్పు ఎక్కువ. పొగతాగడం, చిన్న వయసులో ఊబకాయం, విటమిన్ డి లోపం కూడా ముప్పును పెంచే అంశాలే.

వీటిలో మన చేతిలో ఉన్నవీ ఉన్నాయి. పిల్లల బరువుపై కన్నేయాలి, సిగరెట్‌కు దూరంగా ఉంచాలి. ముదురు చర్మం ఉన్నవారు ఏడాది పొడవునా రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి తీసుకోవడం గురించి ఆలోచించాలని ఎన్‌హెచ్ఎస్ చెబుతోంది. దీనితో ఎంఎస్ రాకుండా పోతుందన్న హామీ లేదు, కానీ ఎముకలకైనా అది అవసరమే.

అన్నిటికంటే ముఖ్యం, దాచకపోవడం. ఒక కంటి చూపు నొప్పితో మసకబారినా, తిమ్మిరి రోజుల తరబడి తగ్గకపోయినా ‘చదువు ఒత్తిడిలే’ అని సరిపెట్టుకోకుండా జీపీకి చూపించాలి. త్వరగా మందులు మొదలుపెడితే దాడులు తగ్గుతాయి, వైకల్యాన్ని ఆలస్యం చేసే అవకాశం ఉంటుంది. పెళ్లి సంబంధాలు పోతాయని ఆడపిల్ల జబ్బును దాచే ఇళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. తల్లికి ఎంఎస్ ఉన్నా బిడ్డకు వచ్చే అవకాశం నూటికి సుమారు రెండే. దాచడం వల్ల పోయే కాలం మాత్రం తిరిగి రాదు.