ఆసుపత్రి ఫోను మోగాలంటే... తక్కువ సొమ్ముతో ఏది ముందు?

శ్రీరాంపూర్: బొగ్గుబాయిల ప్రాంతంలో ఆపద వేళాపాళా చూసి రాదు. మూడు షిఫ్టులూ పని నడిచే చోట రాత్రి రెండు గంటలకైనా ఆసుపత్రి ఫోను మోగాలి. మోగిన ఫోనును ఎవరో ఒకరు ఎత్తాలి. అయితే బడ్జెటు వేసేటప్పుడు ఎక్స్‌రే యంత్రం గుర్తుకు వచ్చినట్లు, ఏ మూలగదిలోనో దుమ్ము పట్టి ఉండే టెలిఫోను ఎక్స్ఛేంజి ఎవరికీ గుర్తుకు రాదు. అది మూగబోయిన రోజునే దాని విలువ తెలుస్తుంది.

శ్రీరాంపూర్, మందమర్రి ఏరియాల కార్మిక కుటుంబాలకు రామకృష్ణాపూర్‌లోని సింగరేణి ఏరియా ఆసుపత్రి ఆధారం. చుట్టుపక్కల పల్లెల రైతులకు, కూలీలకు మంచిర్యాల ప్రభుత్వ ఆసుపత్రే దిక్కు. పరిస్థితి విషమిస్తే హైదరాబాదు తరలించాలి. అది రెండు వందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. ఈ దారిలో ప్రతి మజిలీకీ రోగి కంటె ముందు కబురు చేరాలి.

2021 నవంబరు 10న శ్రీరాంపూర్‌లోని ఎస్సార్పీ-3 గనిలో పైకప్పు కూలి నలుగురు కార్మికులు మరణించారు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు ముంచుకువచ్చి 17 మంది ప్రాణాలు కోల్పోయారు. ఇటువంటి ప్రమాదాలను ఫోను ఆపలేదు. కాని గాయపడి బయటపడినవాడు వచ్చేసరికి రక్తం, ఆపరేషను గది, మత్తు డాక్టరు సిద్ధంగా ఉండాలంటే ఫోనే సాధనం.

సెల్‌ఫోను చాలదా?

అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు ఉండగా ఆసుపత్రికి వేరే ఎక్స్ఛేంజి ఎందుకని అడిగేవారున్నారు. సెల్‌ఫోను మనిషిది, ఎక్స్ఛేంజి ఫోను గదిది. నర్సు షిఫ్టు దిగి ఇంటికి పోతే ఆమె నంబరు కూడా ఆమె వెంటే పోతుంది. కాన్పుల గదిలోని ఫోను మాత్రం అక్కడే ఉంటుంది; డ్యూటీలో ఎవరున్నా ఎత్తుతారు. పైగా మందపాటి గోడల లోపల, ఎక్స్‌రే గదుల్లో సిగ్నలు సరిగా అందదు. పెద్ద ప్రమాదం జరిగిన నాడు అందరూ ఒక్కసారిగా ఫోన్లు చేయడంతో టవరు కూడా ఊపిరాడక నిలిచిపోవచ్చు. కనుక సెల్‌ఫోను తోడుగా ఉండవచ్చు గాని ఎక్స్ఛేంజికి బదులు కాజాలదు.

పాతది ఎందుకు మొరాయిస్తుంది?

కేంద్ర ప్రభుత్వం 1984లో సీ-డాట్ సంస్థను నెలకొల్పిన తరువాత మన దేశంలోనే తయారైన 128 లైన్ల చిన్న ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు వచ్చాయి. దుమ్మును, ఎండను తట్టుకొని, ఏసీ గది లేకుండానే పనిచేయడం వీటి గొప్ప. అటువంటి యంత్రాలు ఎన్నో ఏళ్లు సేవ చేశాయి. అయితే ఏ యంత్రానికైనా వయసు మీదపడుతుంది. కార్డు కాలిపోతే కొత్త కార్డు దొరకదు. బ్యాటరీలు ఎండిపోతాయి. వర్షాకాలంలో భూమిలోని కేబులు జాయింట్లకు చెమ్మ పట్టి గరగర శబ్దం వస్తుంది. ఎర్తింగు సరిగా లేకుంటే ఒక్క పిడుగుకే పది లైన్లు పోతాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఫోనులో గరగర రాగానే ఎక్స్ఛేంజి చెడిపోయిందని తీర్మానించడం తొందరపాటు. తప్పు కేబులు జాయింటులో ఉండి యంత్రాన్ని మారిస్తే సొమ్ము పోతుంది, గరగర మిగులుతుంది. ముందుగా ప్రతి లైనునూ పరీక్షించి ఏది యంత్రం జబ్బో, ఏది తీగ జబ్బో తేల్చుకోవాలి.

ముందున్న దారులు మూడు

మొదటిది, పాతదానికే అతుకులు వేసి నడపడం. ఈ ఏడాదికి చవక. కాని విడిభాగాలు పాత సామాను కొట్ల నుంచి వెతికి తేవలసిందే. పూర్తిగా ఆగిపోయిన నాడు ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లవుతుంది.

రెండవది, అంతా పీకివేసి కంప్యూటరు తీగల మీద నడిచే ఐపీ ఫోన్లు పెట్టడం. సదుపాయాలు ఎక్కువ. అయితే ఈ తీగ స్విచ్చి నుంచి 100 మీటర్లకు మించి పోరాదు. దూరంగా విడివిడిగా ఉన్న వార్డులకు మధ్యలో మరిన్ని స్విచ్చిలు, ఫైబరు కావాలి. ఖర్చు పెరిగేది ఇక్కడే.

మూడవది నడిమి దారి. ఎక్స్ఛేంజిని మాత్రం కొత్తగా ఐపీ పద్ధతిలో తెచ్చుకొని, బాగున్న రాగి తీగలనూ మామూలు ఫోన్లనూ గేట్‌వే అనే పెట్టె ద్వారా దానికి కలపడం. రాగి తీగ మీద మామూలు ఫోను కిలోమీటర్ల దూరమైనా పనిచేస్తుంది. కొత్త ఫోన్లు అత్యవసర విభాగానికి, ఆపరేటరు బల్లకు, ఆపరేషను గదికి ముందు పెట్టి, మిగతావి ఏటా కొన్ని చొప్పున మార్చుకోవచ్చు. కొద్ది సొమ్ముతో నెట్టుకురావలసిన ఆసుపత్రికి ఇదే తగిన దారి.

ఆస్టెరిస్క్ వంటి ఉచిత సాఫ్టువేరు 1999 నుంచి అందుబాటులో ఉంది. దానితో లైసెన్సు ఖర్చు తప్పుతుంది. అయితే సాఫ్టువేరు ఉచితమైనా దాన్ని కనిపెట్టుకొని ఉండే మనిషి ఉచితంగా రాడు. పాస్‌వర్డు మార్చకుండా ఇంటర్నెట్టుకు తెరిచి ఉంచితే, దొంగలు చొరబడి విదేశాలకు ఫోన్లు చేసుకొని బిల్లు ఆసుపత్రి నెత్తిన వేస్తారు. అవసరం లేని చోట విదేశీ కాల్స్‌ను మొదటి రోజే మూసివేయాలి.

కరెంటు పోతే?

పాత పద్ధతిలో ఎక్స్ఛేంజి బ్యాటరీ నుంచి 48 వోల్టుల కరెంటు ఫోను తీగలోనే వచ్చేది. కరెంటు పోయినా ఫోను పలికేది అందుకే. ఐపీ ఫోనుకు ఆ ధీమా లేదు. దారిలో ఉన్న ఒక్క స్విచ్చి ఆరిపోయినా ఆ వార్డు ఫోన్లన్నీ మూగబోతాయి. ఒక్క ఎక్స్ఛేంజికి బ్యాటరీ పెట్టి, దారిలోని స్విచ్చిలను మరిచిపోతే కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందమే. బ్రిటన్ దేశంలో పాత ఫోను లైన్లను తీసివేసేటప్పుడు, ఇంట్లో వృద్ధులు ఆపదలో నొక్కే మీటలు పనిచేయని సంఘటనలు బయటపడ్డాయి. దానితో అక్కడ 2025 ఆఖరుకు పూర్తికావలసిన పనిని 2027 జనవరికి వాయిదా వేశారు. అంత పెద్ద దేశమే తడబడిన చోట మన జిల్లా ఆసుపత్రులు జాగ్రత్తపడాలి. అత్యవసర విభాగంలో ఎక్స్ఛేంజితో సంబంధం లేని ఒక నేరు లైను తప్పక ఉంచాలి.

పైసా ఖర్చు లేని పని

అమెరికాలోని టెక్సాస్‌లో 2013 డిసెంబరులో ఒక హోటలు గదిలో తల్లి మీద దాడి జరుగుతుండగా తొమ్మిదేళ్ల పాప అత్యవసర నంబరు 911కు నాలుగు సార్లు ఫోను చేసింది. బయటి లైను కోసం ముందు మరొక 9 నొక్కాలని ఆ పాపకు తెలియదు. ఫోను పోలేదు, తల్లి దక్కలేదు. ఆ తల్లి పేరిట అక్కడ 2018లో కారి చట్టం వచ్చింది. కొత్త ఎక్స్ఛేంజీల నుంచి అత్యవసర నంబరు నేరుగా కలవాలన్నది దాని సారాంశం. మన ఎక్స్ఛేంజీలలోనూ బయటి లైనుకు ముందు సున్నా నొక్కే అలవాటుంది. 2005 ఆగస్టు 15న మన దగ్గర మొదలైన 108 నంబరు, అలాగే 112 నంబరు ఏ వార్డు నుంచైనా నేరుగా కలిసేలా సరిచేయడానికి కొత్త సామాను అక్కరలేదు. తెలిసిన మనిషి కొద్దిసేపు కూర్చుంటే చాలు.

అలాగే ఆసుపత్రి నంబరును మార్చరాదు. ఏళ్ల తరబడి పల్లెల్లో గోడల మీద, క్యాలెండర్ల మీద రాసుకున్న నంబరు అది. మార్చక తప్పనిచో పాత నంబరుకు వచ్చే ఫోన్లు కొత్తదానికి మళ్లేలా ఏర్పాటు చేయాలి. "ఇంగ్లీషుకు ఒకటి నొక్కండి, తెలుగుకు రెండు నొక్కండి" అనే యంత్రం గొంతు చదువురాని ముసలమ్మను కంగారు పెడుతుంది. ఆమెకు కావలసింది తెలుగులో "చెప్పమ్మా" అనే మనిషి గొంతు. ఆపరేటరు ఉద్యోగాన్ని తీసివేసి మిగిల్చిన సొమ్ము నిజమైన పొదుపు అనిపించుకోదు.

టెండరులో చూడవలసినవి

టెండరు పిలిచేటప్పుడు తక్కువ ధర ఒక్కటే చూడరాదు. విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయి, చెడితే ఎన్ని గంటల్లో మనిషి వస్తాడు, పాస్‌వర్డులు ఆసుపత్రి చేతికి ఇస్తారా లేదా అన్నవి కాగితం మీదకు రావాలి. కొత్తది కుదురుకునే వరకు పాతదాన్ని పక్కనే నడవనివ్వాలి. నెలకొకసారి రాత్రిపూట మెయిను కరెంటు ఆపినట్లు చూసి ఏ ఫోను మోగుతుందో, ఏది మోగడం లేదో పరీక్షించాలి.

ఇవి పెద్ద పెద్ద ఇంజనీర్లకే పరిమితమైన విషయాలు కావు. ఆసుపత్రి సలహా సంఘాల సమావేశాల్లో, కార్మిక సంఘాల చర్చల్లో, గ్రామసభల్లో ఎవరైనా అడగదగిన ప్రశ్నలే. "రాత్రి కరెంటు పోతే అత్యవసర విభాగం ఫోను మోగుతుందా?" అన్న ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబు రాబట్టగలిగితే సగం పని అయినట్లే. మిగతా సగం బాధ్యత అధికారులు తీసుకోవలసి ఉంది.