నష్టం ఎవరిది?

ధర్మసంకటం అనగానే మనకు ధర్మరాజూ, హరిశ్చంద్రుడూ జ్ఞాపకం వస్తారు. రాజ్యాలు పోగొట్టుకోవడం, ఆలుబిడ్డల్ని అమ్ముకోవడం మనబోటి వాళ్ళకు తటస్థించేవి కావు. మనకు వచ్చేవి చిన్నవి. కాని అవి రోజూ వస్తాయి.

వాటిలో కొన్నిటికి ఆలోచనే అక్కరలేదు. కొట్టులో గుమాస్తా చిల్లర ఇస్తూ పొరపాటున వంద రూపాయలు ఎక్కువ ఇచ్చాడనుకోండి. తిరిగి ఇచ్చెయ్యాలి. రాత్రి లెక్క తేలకపోతే ఆ వంద అతని జీతంలోంచి పోవచ్చు. ఇవ్వాలా వద్దా అని ఊగిసలాడితే దాన్ని ధర్మసంకటం అనకూడదు, ఆశ అనాలి. రెండు వైపులా న్యాయం కనిపించినప్పుడే అసలు సంకటం.

ఒకటి చూడండి. మీ పొరుగింటి అబ్బాయికి సంబంధం కుదురుతున్నది. ఆడపిల్ల తండ్రి మీ ఇంటికి వచ్చి, "అబ్బాయి ఎలాంటివాడండీ?" అని అడుగుతాడు. అతనికి తాగుడు అలవాటుందని మీకు తెలుసు. చెపితే ఇరవయ్యేళ్ళ స్నేహం చెడుతుంది, పెళ్ళి చెడగొట్టారన్న మాట వస్తుంది. చెప్పకపోతే ముక్కూ మొహం తెలియని ఒక పిల్ల బతుకు ఏమవుతుందో! వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్ళి చెయ్యమన్నారు గదా అని తప్పుకునేవారున్నారు. పెళ్ళయితే చేస్తారు గాని, ఆ తర్వాత కాపురం చెయ్యవలసింది వాళ్ళు కాదు గదా!

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలి? 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే శాస్త్రజ్ఞుడు ఒక ఉద్యోగం ఒప్పుకోవాలా వద్దా అని బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను సలహా అడిగాడు. ఫ్రాంక్లిన్ ఏం చెయ్యాలో చెప్పలేదు, ఎలా తేల్చుకోవాలో చెప్పాడు. కాగితం మధ్య గీత గీసి, ఒక పక్క అనుకూలమైనవీ, ఒక పక్క ప్రతికూలమైనవీ మూడు నాలుగు రోజుల పాటు తోచినవి తోచినట్టు రాసుకోమన్నాడు. తర్వాత సమానంగా తూగేవి రెండు పక్కలా కొట్టివేస్తూ పోతే ఎటు మొగ్గు ఉన్నదో తెలుస్తుందన్నాడు.

మంచి ఉపాయమే. ఉద్యోగం విషయంలో లాభనష్టాలు చాలా మట్టుకు మనవే గనుక అది చాలు. ధర్మం విషయంలో చాలదు. అందుకని నేను ప్రతి నష్టం పక్కనా "ఎవరిది?" అని ఇంకొక మాట చేర్చమంటాను.

ఇప్పుడు మన కాగితం చూడండి. నిజం చెపితే పోయే స్నేహం నాది. పడే మాట నాది. సంబంధం తప్పితే నష్టం అబ్బాయిది. అలవాటు మానుకుంటే అతనికి మరో సంబంధం రాకపోదు. చెప్పకపోతే వచ్చే నష్టం మాత్రం పూర్తిగా ఆ పిల్లది. పైగా ఆమె ఇక్కడ లేదు, అడ్డు చెప్పడానికి ఆమెకు సంగతే తెలియదు. నా ఇబ్బంది తప్పించుకోవడానికి, ఎదుట లేని మనిషి నెత్తిన బరువు పెట్టడం న్యాయం కాదు. మనకు ఏది చేస్తే మనసు నొచ్చుకుంటుందో అది ఒకరికి చెయ్యవద్దని తిక్కనగారు భారతంలో చెప్పింది ఇందుకే. ఆ పిల్ల మన పిల్లే అయితే, తెలిసీ చెప్పనివారిని మనం క్షమిస్తామా?

అయితే చెప్పడానికీ ఒక పద్ధతి ఉంది. కళ్ళారా చూసినదే చెప్పాలి. ఒక పండుగనాడు చూశారా, వారం వారం చూస్తున్నారా, అదీ చెప్పాలి. విన్నవి చేర్చకూడదు. అడిగినవారికే చెప్పాలి, వీధికి కాదు. అబ్బాయిలో మంచి ఉంటే అదీ దాచకూడదు. "నాకు తెలిసినది ఇంతే, మిగతాది మీరు విచారించుకోండి" అంటే చాలు.

ఆ తండ్రి గుమ్మంలో నిలబడి ఉండగా కాగితం, కలం పట్టుకోవడం ఎలా అంటారేమో! "ఆలోచించి రేపు చెపుతాను" అనడంలో తప్పు లేదు. కాని ఆ రేపు నాలుగు వారాలై, ఈలోగా తాంబూలాలు పుచ్చుకుంటే, ఆ నష్టం ఎవరిదో కూడా కాగితం మీద రాసుకోవలసిందే.