కుప్ప పోసినను లెక్కకు రాని రాయి

ఇంటర్మీడియెట్ తరగతులలో రసాయన సమతాస్థితి పాఠము వచ్చునప్పటికి, పదార్థములన్నియు ఒకే ప్రావస్థయందున్నచో సజాతీయమనియు, వేర్వేరు ప్రావస్థలయందున్నచో విజాతీయమనియు రెండు నిర్వచనములు వల్లెవేయించి, రెండేసి ఉదాహరణములు వ్రాయించి, మార్కులు వేసి పంపివేయుట మనకు ఆనవాయితీ అయినది. నిర్వచనములలో తప్పేమియు లేదు; ఆ విభజన యెందులకో చెప్పకుండుటయే లోపము.

పిడుగురాళ్ల సున్నపు బట్టీలలో జరుగు పనినే చూడుడు. రాయి కాగి పొడిసున్నముగను బొగ్గుపులుసు వాయువుగను విడిపోవును. బట్టీ నోరు తెరచియుండుటచే వాయువు ఎప్పటికప్పుడు వెడలిపోయి సున్నము మిగులును. ఆ రాతినే గాలి చొరని పాత్రలో బిగించి కాచితిమేని, వెలువడిన వాయువు మరల సున్నముతో కలియ మొదలిడి, విడిపోవు వేగమును కలియు వేగమును సమానమైనంతనే లోపలి పీడనము ఒకచోట నిలిచిపోవును. 800 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద అది వాతావరణ పీడనములో అయిదవ వంతునకు కొంచెము పైన, 900 డిగ్రీల వద్ద ఇంచుమించు పూర్తి వాతావరణ పీడనము. అసలు చిత్రమిక్కడనే యున్నది. పాత్రలో తులము రాయి మిగిలినను మణుగు రాయి మిగిలినను, ఉష్ణోగ్రత మారనంతవరకు ఆ పీడనము ఇసుమంతయు మారదు. కుప్ప పెరిగినంత మాత్రమున ఘనపదార్థము గాఢత పెరుగదు గనుక, సమతాస్థితి స్థిరాంకములో దానికి చోటే లేదు. నత్రజని, ఉదజని, అమోనియాల సంగతి అట్లు కాదు. మూడును వాయువులే యగుటచే, ఏ యొక్కదానిని పెంచినను తక్కిన రెండును సర్దుకొనక తప్పదు.

ఈ భేదము తెలియక ఇనుప పరిశ్రమ భారీగనే మూల్యము చెల్లించినది. పంతొమ్మిదవ శతాబ్దమున ఐరోపా కొలిమి యజమానులు, బ్లాస్ట్ ఫర్నేసు పైనుండి కార్బన్ మోనాక్సైడు వృథాగ పోవుచుండుట చూచి, ఖనిజముతో దాని సాంగత్యము చాలలేదని తలంచి, కొలిములను ముప్పది మీటర్ల యెత్తువరకు లేపిరి. ధనము వ్యయమైనదే గాని ఆ వాయువు పాలు తగ్గలేదు. 1884లో తన నియమమును ప్రకటించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లె షాటెలియే ఈ ఉదంతమునే యెత్తిచూపెను: ఇనుమును దాని ఆక్సైడును ఘనములగుటచే, వాయువుల నిష్పత్తిని శాసించునది ఉష్ణోగ్రతయే గాని కొలిమి పొడవు కాదు.

కావున ప్రశ్నపత్రము కూర్చువారికి నా మనవి యొక్కటే. నిర్వచనమునకిచ్చు రెండు మార్కులను తీసి, మూసిన పాత్రలో మరి పది గ్రాముల సున్నపురాయి వేసినచో పీడనమేమగునని యొకటి, దానిలోనికి బొగ్గుపులుసు వాయువును ఎక్కించినచో ఏమగునని యొకటి అడుగుడు. సున్నము మిగిలియున్నంతవరకు అదనపు వాయువు రాయిగా మారి, పీడనము మునుపటి యంకెకే దిగివచ్చునని వ్రాసిన విద్యార్థిని వేరుగ నిర్వచనమడుగ నక్కరలేదు.