పన్నెండు గంపలు, మన చెత్తకుప్ప



క్రిస్మసు సమీపించుచున్నది. ఆత్మకూర్ (ఎస్) మండలములోని మన పల్లెలనుండి ఆటోలు నిండుగా సూర్యాపేట బజారునకు పోవుచున్నవి. కొత్త బట్టలు, నక్షత్రములు, థర్మోకోలు పశువులపాక, విందుకు పళ్లెములు, గ్లాసులు! ఈ పండుగ ఎవరిది? ప్రభువుదా, దుకాణములదా?

నా తప్పు ముందుగా ఒప్పుకొందును. గత క్రిస్మసునకు వడ్డన సులువగునని ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు తెప్పించినవాడను నేనే. మరునాటి ఉదయమున మందిరము వెనుక ఆ కుప్పలో మేకలు మూతులు పెట్టుచుండెను. నిప్పు పెట్టించితిని. ఆ పొగ పక్కయింటి పసిబిడ్డ ఉయ్యాలవరకు పోయెను. ముందురాత్రి భూమిమీద సమాధానమును గూర్చి ప్రసంగించినది ఈ నోరే! ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, అలంకరణ థర్మోకోలు 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధింపబడియున్నవని ఎరిగియు కొంటిని.

"అయితే కాగితపు గ్లాసులు కొందము, అవి పర్యావరణమునకు మేలట" అని కొందరందురు. మోసపోకుడి. నీరు కారకుండుటకు వాటి లోపల పలుచని ప్లాస్టిక్ పూత యుండును. ఇంట నాలుగు గుడ్డసంచులుండగా, పచ్చని ఆకు బొమ్మ వేసియున్నదని ఐదవది కొనుట సృష్టిని కాపాడుటయా? లోభమే వేషము మార్చుకొని మరల అంగడికి వచ్చినది. మేలైన వస్తువును కొనుటకన్న అక్కరలేనిదానిని కొనకుండుటయే గొప్ప మేలు.

మరికొందరు, "చెత్త సంగతి మున్సిపాలిటీ చూచుకొనును" అందురు. 2003 తరువాతి యేండ్లలో సూర్యాపేట చెత్తకుండీలు లేని పట్టణమని పేరొందిన మాట నిజమే. ఇంటింట తడిచెత్తను, పొడిచెత్తను వేరుగా తీసికొని, తడిదానిని ఎరువు చేసిరి. అది మనకు గర్వకారణము. అయినను వంకాయ తొడిమ ఎరువగును గాని, పులుసంటిన ప్లాస్టిక్ పళ్లెము ఎరువగునా? ఏరువాడు ఎంత నమ్మకస్థుడైనను, కొనువాడు మారనిదే కుప్ప తరగదు.

యోహాను సువార్త 6వ అధ్యాయము చూడుడి. అయిదువేలమంది పురుషులు తృప్తిగా తినిన పిమ్మట, ప్రభువు మిగిలిన ముక్కలను శిష్యులచేత ఏరించెను. పన్నెండు గంపలు నిండెను. రొట్టెలను విస్తరింపజేయగలవాడే ఒక ముక్కనైనను పారవేయనియ్యలేదు. మనమో, ఒక్క పూట తిని పన్నెండు గంపల చెత్త మిగుల్చుచున్నాము!

ఇంకొక మాట. కొత్త చీర లేదని క్రిస్మసు ఆరాధనకు రాక ఇంట కూర్చుండిన విధవరాలిని, బట్టలకొరకు మిత్తికి అప్పు తెచ్చిన కూలివానిని నేనెరుగుదును. వారిని సిగ్గుపరచినవి మన చూపులే. అరణ్యములో నలువది యేండ్లు ఇశ్రాయేలీయుల బట్టలు పాతగిలకుండ కాచిన దేవుడు ఉతికిన చీరను తృణీకరించునా?

కాబట్టి ఈ యేడు ఒక నియమము చేసికొందము. విందుకు ప్రతి కుటుంబము తమ యింటి స్టీలు పళ్లెములు, గ్లాసులు తెచ్చుకొనవలెను. లేనివారికి మన పెద్దలవలె మోదుగాకు విస్తళ్లు కుట్టుదము. అవి మట్టిలో కలియును. పశువులపాకను వరిగడ్డితో కట్టుదము. ఉతికిన పాతబట్టలతో ముందు నేను నిలిచెదను. మిగిలిన డబ్బు అప్పులోనున్న యింటికి చేరనిండు.

మరునాటి ఉదయమున మందిరము వెనుక కుప్ప లేనియెడల, అదియే మన సాక్ష్యము. ఉన్నది చాలునను మనస్సును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.