ఆటకు పైకం.. పాఠానికి మొండిచెయ్యి

అనంతగిరి: బొర్రా గుహలు, అరకు లోయ చూడవచ్చే సందర్శకులకు థింసా నృత్యం ప్రత్యేక ఆకర్షణ. మోరి ఊదేవారికి, కిరిడి, తుడుము, డప్పు వాయించేవారికి ప్రదర్శన ముగిశాక ఎంతోకొంత పారితోషికం దక్కుతుంది. అదే వాద్యాన్ని పదిమంది పిల్లలను కూర్చోబెట్టి నేర్పాలంటే ఆ శ్రమకు ధర కట్టే ఆనవాయితీ కొండల్లో లేదు. చైత్ర పండుగల్లో, పెళ్లిళ్లలో పెద్దల వెంట నడుస్తూ పిల్లలు చూసి నేర్చుకునేవారు. చదువుల కోసం పిల్లలు ఆశ్రమ పాఠశాలలకు, పట్టణాలకు చేరాక ఆ దారి ఇరుకవుతోంది. ఇక నేర్పించే పని ఎవరో ఒకరు పూనుకొని చేయాల్సిందే. అలా పూనుకొనే గురువు ఇల్లు ఎలా గడవాలన్నదే ఇప్పుడు ప్రశ్న.

నాడు సంస్థానం అండ

ఉత్తరాంధ్రలో సంగీత బోధనకు ఘనచరిత్ర ఉంది. 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు విజయనగరంలో సంగీత పాఠశాలను నెలకొల్పారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. వయొలిన్ ఆచార్యులుగా చేరిన ద్వారం వెంకటస్వామినాయుడు 1936లో ఆ బాధ్యతలు స్వీకరించారు. ఘంటసాల, పి.సుశీల వంటివారు అక్కడే చదువుకున్నారు. అంతటి విద్వాంసులు నిశ్చింతగా పాఠం చెప్పగలిగారంటే పోషణభారం సంస్థానం వహించడమే కారణం. నేడు సొంతంగా సంగీత పాఠశాల నడిపే గురువుకు అలాంటి అండ లేదు. బోధకుడూ ఆయనే, గుమస్తా, ఖజానాదారూ ఆయనే.

కాగితంపై పదివేలు.. చేతికి మూడువేలు

ఇటువంటి పాఠశాలలు చాలావరకు దెబ్బతినేది రుసుము తక్కువై కాదు, లెక్క తప్పి. ఉదాహరణకు ఇరవైమంది పిల్లలు, నెలకు తలా రూ.500 అనుకుందాం. నెలకు రూ.10 వేలు వస్తున్నట్టే కనిపిస్తుంది. పరీక్షలు, వేసవి సెలవులు పోను పాఠం జరిగేది పది నెలలే. అంటే ఏడాదికి రూ.లక్ష. అందులో అయిదోవంతు బకాయిలుగా, రాయితీలుగా పోతే మిగిలేది రూ.80 వేలు.

ఖర్చులకు మాత్రం సెలవులు లేవు. గది అద్దె నెలకు రూ.2,500 చొప్పున ఏడాదికి రూ.30 వేలు. కరెంటు, చిల్లర ఖర్చులు నెలకు రూ.700 చొప్పున రూ.8,400. వాద్యాలకు తోళ్లు, తీగలు, మరమ్మతులకు మరో రూ.6 వేలు. మొత్తం రూ.44,400 పోను గురువుకు దక్కేది రూ.35,600. నెలకు చూస్తే రూ.3 వేలు కూడా లేదు. పది నెలల పాటు నెలకు 22 రోజులు, రోజుకు రెండు గంటలు బోధిస్తే 440 గంటలవుతాయి. గంటకు పడేది రూ.81. నెలకు పదివేలు వస్తున్నాయన్న భ్రమతో అప్పుచేసి హార్మోనియమో, కీబోర్డో కొన్న గురువు వర్షాకాలం నాటికి వడ్డీవ్యాపారి గడప తొక్కక తప్పదు.

కొండకు వేరే క్యాలెండరు

పట్టణాల్లో చెల్లుబాటయ్యే నెలవారీ రుసుము ఏజెన్సీకి అతకదు. ఇక్కడి కుటుంబాల చేతికి డబ్బు నెలనెలా రాదు. కాఫీ పండ్ల కోత నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు సాగుతుంది. పర్యాటకుల సందడీ చలికాలంలోనే ఎక్కువ. జూన్‌లో బడులు తెరిచేసరికి విత్తనాలు, పుస్తకాలు ఒకేసారి ఖర్చు పెట్టిస్తాయి. వానలు ముదిరితే చేతిలో రూపాయి ఆడదు. ఆ రోజుల్లో రుసుము అడిగితే పిల్లవాడు పాఠం మానేస్తాడు. అడగకపోతే గురువు పస్తులుంటాడు.

ఇందుకు విరుగుడు రుసుము పెంచడం కాదు, వసూలు వేళను మార్చడం. ఏడాది రుసుమును మొత్తంగా నిర్ణయించి, అధికభాగాన్ని కాఫీ సొమ్ము చేతికందే జనవరి-మార్చి మధ్య, స్వల్పభాగాన్ని మిగతా నెలల్లో తీసుకోవచ్చు. అలా వచ్చినదాంట్లో వానాకాలపు అద్దె, ఇంటి ఖర్చు విడిగా తీసిపెట్టాలి. పాఠశాలకు, ఇంటికి వేర్వేరు బ్యాంకు ఖాతాలు, వచ్చింది పోయింది రాసుకునే ఒక పుస్తకం ఉంటే చాలు, లోటు ఎక్కడుందో తెలుస్తుంది. ఉచితంగా నేర్పే పిల్లలనూ ఆ పుస్తకంలో ఖర్చుగానే రాయాలి. దానమైనా కొలత తెలిసి చేస్తేనే నిలుస్తుంది.

పన్ను భయం అక్కర్లేదు

జీఎస్టీ విషయంలో అపోహలు తొలగాలి. కళలు, సంస్కృతికి సంబంధించిన అభిరుచి శిక్షణను సొంతంగా ఇచ్చే వ్యక్తులకు ఈ పన్ను లేదు. 2022 జులై 18 నుంచి ఈ మినహాయింపు వ్యక్తులకే పరిమితమైంది. అయితే సంస్థ పేరిట నడిపినా సేవల రాబడి ఏడాదికి రూ.20 లక్షలు దాటనంతవరకు సాధారణంగా నమోదు అవసరం ఉండదు. కొండల్లోని పాఠశాలలు ఆ దరిదాపులకు చేరేవి కావు.

సంఘంగా ఏర్పడటానికి జంకనక్కర్లేదని దీన్నిబట్టి తేలుతోంది. కేంద్ర సాంస్కృతిక శాఖ గురుశిష్య పరంపర పథకం కింద గురువుకు నెలకు రూ.15 వేలు, గరిష్ఠంగా 18 మంది శిష్యులకు వయసునుబట్టి రూ.2 వేల నుంచి రూ.10 వేల వరకు ఇచ్చే ఏర్పాటు ఉంది. ఈ సాయం కళాసంస్థల ద్వారానే అందుతుంది. సంస్థ అన్నాక లెక్కలు చూపాలి. తుడుము మీద చేయి తిరిగిన పెద్దలు చాలామందికి కాగితాలతో పరిచయం లేదు. కళ ఉన్నచోట పద్దు లేక, పద్దు ఉన్నచోట కళ లేక సాయం దారితప్పే ప్రమాదం ఇక్కడే ఉంది. పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ఊరికో చదువుకున్న యువకుడికి పద్దుల నిర్వహణ నేర్పించినా ఈ అంతరం కొంత పూడుతుంది.

బృందం పద్దులోనే బోధన

అన్నిటికీ సర్కారు వైపు చూడనవసరం లేదు. థింసా బృందాలు ప్రతి ప్రదర్శన పారితోషికంలో పదోవంతు బోధనా నిధికి తీసిపెట్టే కట్టుబాటు చేసుకోవచ్చు. రూ.5 వేలు వస్తే రూ.500 నిధికి పోతాయి. ఏడాదిలో అలాంటి ప్రదర్శనలు నలభై దొరికితే రూ.20 వేలు సమకూరుతాయి. వాద్యాల మరమ్మతులు వెళ్లి, పేద పిల్లల రుసుము కొంతవరకు తీరుతుంది. పిలిపించుకునే విడిది గృహాలు, పర్యాటక సంస్థలు పారితోషికంతోపాటు ఈ నిధికీ కొంత చేర్చితే భారం తగ్గుతుంది. రేపు వారి ముంగిట వాయించడానికి ఒకరు మిగలాలంటే ఈరోజు ఆ వాద్యం నేర్పినవారికి కూలి గిట్టాలి మరి.