రాజీకి తొలిమెట్టు విధి కావలెను

వ్యాజ్యమున ఓడినవాడు కచేరీలో నేడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి యేడ్చునని లోకోక్తి. ఈ దుఃఖమును వర్తకులకు తప్పింపనెంచి ఐరోపా సమాఖ్య 2008 మే 21వ తేదీన మధ్యవర్తిత్వమును గూర్చి యొక నిర్దేశశాసనము గావించెను. డెన్మార్కు దక్క తక్కిన సభ్యదేశములకు అది వర్తించును. దాని ప్రకారము, వేర్వేరు దేశములవారి వివాదములందు మధ్యవర్తి తానెఱింగిన రహస్యములను గూర్చి సామాన్యముగా సాక్ష్యమీయ నక్కఱలేదు; సంప్రదింపులు సాగునంతకాలము వ్యాజ్యమునకు కాలదోషము పట్టదు; ఉభయులు సమ్మతించినచో కుదిరిన యొడంబడిక అమలుపఱుపదగినదగును.

ఏర్పాటు ప్రశంసనీయమే, ఫలము స్వల్పము. ఐరోపా పార్లమెంటుకై 2014లో జరిగిన పరిశీలనమున, నూటికొక వ్యాజ్యమైనను మధ్యవర్తుల కడకు పోవుట లేదని తేలెను. మొదట రాజీమాట యెత్తినవాడు బలహీనుడని యెంచబడునను భీతిచే ఉభయులును మౌనము వహింతురు.

ఇటలీ యీ చిక్కును విడదీయ జూచినది. 2010లో కొన్ని తరగతుల వ్యాజ్యములకు ముందు మధ్యవర్తిత్వమును విధించెను. ప్రభుత్వము తనకొసగబడిన యధికారమును మీఱినదని రాజ్యాంగ న్యాయస్థానము 2012లో దానిని కొట్టివైచెను. 2013లో సవరించిన శాసనము వచ్చెను: తొలి సమావేశము విధి, అటుపై సాగుట యిచ్ఛ.

ఇది స్వేచ్ఛాభంగమని కొందఱాక్షేపింతురు. మేమంగీకరింపము. కూర్చుండి మాటలాడుటయే విధి. ఒప్పుకొనుట విధి కాదు. న్యాయస్థాన ద్వారము తెఱచియే యుండును. ధనికుడు ఏండ్లతరబడి వాయిదాలకు తాళగలడు. చిన్నవర్తకుడు తీర్పు రాకమున్నే మునుగును. మనదేశమునను 2018 నుండి, తక్షణోపశమనము కోరని వాణిజ్యవ్యాజ్యములకు ముందు మధ్యవర్తిత్వము విధియైయున్నది. ఐరోపాలోని తక్కిన రాజ్యములును ఈ మార్గమునే త్రొక్కుట శ్రేయస్కరము.